టాపు మీది పొక్కులు

పైనుంచి పిండి రాలుతోందని మొదట చెప్పింది ఆరేళ్ల పిల్ల.

2020 అక్టోబర్ 14 రాత్రి అది. ముందు రోజు పట్టిన వాన హైదరాబాద్ తూర్పు వైపునంతా ముంచేసింది. ఘట్‌కేసర్ దగ్గర ఒక్క రోజులో 32 సెంటీమీటర్లు పడింది. మీర్‌పేట, సరూర్‌నగర్ చెరువుల కింది కాలనీల్లో నీళ్లు ఇళ్లలోకి వచ్చేశాయి. మా బామ్మర్ది వాళ్లు సరూర్‌నగర్‌లో కింది వాటాలో అద్దెకుండేవాళ్లు. బియ్యం డబ్బా, పిల్ల పుస్తకాల సంచి, నెత్తిన ఒక దుప్పటి మూట, అంతే పట్టుకుని నడుము లోతు నీళ్లలోంచి బయటపడి, కర్మన్‌ఘాట్ మీదుగా నడుస్తూ అల్మాస్‌గూడ చేరారు. అప్పటికే మా రెండు గదుల ఇంట్లో ఇంకో చుట్టాల కుటుంబం ఉంది. అందుకని వాకిట్లో ఉన్న మెటాడోర్ వ్యానుకు కప్పిన పట్టా తీసి, టాపు పైకి లేపాను. మా బామ్మర్ది కోడలు, మనవరాలు ఆ పై పలక మీద పడుకున్నారు. కింది సీట్ల మీద తండ్రీ కొడుకులు.

అర్ధరాత్రి దాటాక పిల్ల కేకేసింది. "తాతా, ముగ్గుపిండి లెక్క పడుతున్నది. నా కండ్లల్ల పడ్డది."

టార్చి పట్టుకుని నిచ్చెన ఎక్కాను. దుప్పటి మీద సన్నని తెల్లటి గీత. రేకు అంచు ఎక్కడ కాన్వాసుకు ఆనుతుందో సరిగ్గా ఆ వరసలోనే పడి ఉంది. చిటికెడు తీసి వేళ్ల మధ్య నలిపితే గరగరలాడింది. ముగ్గుపిండి కాదు, సున్నం కాదు. 33 ఏళ్లు ఉప్పల్‌లోని ఆర్టీసీ వర్క్‌షాపులో బాడీ సెక్షన్లో పనిచేసినవాణ్ణి. పాత బస్సుల పక్కరేకులు విప్పినప్పుడల్లా చీపురుతో ఊడ్చిన పొడే అది. అల్యూమినియం తిని పోసిన పొడి. పిల్ల తల పక్కకు జరిపించి, అంచు కింద ఒక తువ్వాలు కట్టి కిందికి దిగాను. ఆ రాత్రి మళ్లీ నిద్ర పట్టలేదు. ఆ టాపు నా చేతులతో చేసింది.

అసలు ఆ బండి మేడారం కోసం పుట్టింది. మా ఇంటావిడది పరకాల దగ్గర పల్లె. చిన్నప్పుడు వాళ్ల నాయన ఎడ్లబండి కట్టుకుని సమ్మక్క సారలమ్మ జాతరకు తీసుకుపోతే, బండి కింద గడ్డి పరుచుకుని మూడు రాత్రులు పడుకున్న సంగతి పెళ్లయిన నాటి నుంచీ చెబుతూనే ఉండేది. నేను రిటైరయ్యాక ఒకే ఒక్కటి అడిగింది. "లాడ్జీలొద్దు, పొద్దున పోయి సాయంత్రం వచ్చుడొద్దు. జాతరల పండుకోవాలె." మేడారంలో జనం ఇప్పటికీ అలాగే ఉంటారు. ఎడ్లబండ్లు, ట్రాక్టర్ ట్రాలీలు, డీసీఎంలు ఎక్కడ ఆగితే అక్కడే పొయ్యి, అక్కడే పడక. దానికి విదేశాల మాట ఏదీ అక్కర్లేదు. కానీ ఆ టాపు ఆలోచన మాత్రం మా అన్న కొడుకు మ్యూనిక్ నుంచి పంపిన ఒక ఫోటోలోంచి వచ్చింది. వ్యాను టాపు ఒక పక్క పెట్టె మూతలా లేచి ఉంది. మధ్యలో కాన్వాసు గోడ, లోపల పరుపు. ఇంగ్లండులో డోర్మొబైల్ అని 1950లలోనే ఇలాంటి టాపులున్న వ్యాన్లు తిరిగాయని, జర్మనీలో వెస్ట్‌ఫాలియా వాళ్లు ఫోక్స్‌వ్యాగన్ వ్యాన్లకు చేసేవారని వాడే చెప్పాడు. పగలు మామూలు బండి, రాత్రి మేడ. ఆ ఫోటో చూసి మా ఆవిడ, "ఇది నువ్వు చేయలేవా?" అంది. చేయగలను కదా అనిపించింది.

చంపాపేటలో ఒక టెంట్‌హౌస్ వాళ్లు గంగాళాలు, కుర్చీలు మోసిన పాత మెటాడోర్ అమ్మకానికి పెడితే 2016 చివర్లో కొన్నాను. మోటారు వాహనాల చట్టంలో 52వ సెక్షన్ అని ఒకటుంది. బండి ఆకారం మార్చాలంటే అనుమతి కావాలి. ఆ కాగితాలకే ఐదు నెలలు పోయాయి. 2017 ఎండాకాలంలో పైకప్పు ఇనుప రేకును నాలుగు పక్కలా కోసి తీశాం. రాణిగంజ్ నుంచి పదహారో గేజీ అల్యూమినియం రేకు తెచ్చాను. ఎనిమిదడుగులు బై నాలుగు. ఇనుముతో చేస్తే లేపడం ఇద్దరి పని. అల్యూమినియం కాబట్టి ఆవిడ ఒంటి చేత్తో నెట్టేది. అంచులు నేనే వంచాను. వెనక వైపు మూడు మడతబందులు, ముందు రెండు గ్యాస్ షాకర్లు. మూసినప్పుడు గలగలలాడకుండా చుట్టూ స్పాంజి పట్టీ అతికించాను.

ఇక్కడొక మాట దాచకుండా చెప్పాలి. ఆర్టీసీ బస్సు బాడీకి లోపల ఇనుప ఫ్రేము, పైన అల్యూమినియం రేకు. ఆ రెండూ తాకే చోట పసుపు రంగు జింక్ క్రోమేట్ ప్రైమరు వేయకుండా రివెట్ కొట్టనిచ్చేవాడు కాదు మా పాత ఫోర్‌మన్. ఉద్యోగంలో చేరిన మొదటి వారంలోనే నాకది నేర్పాడు. నేను మరో పాతికమందికి నేర్పాను. మా సొంత బండికొచ్చేసరికి మడతబందుల ఇనుప పట్టీని తిన్నగా రేకు మీద పెట్టి, జీఐ స్క్రూలు బిగించేశాను. 2018 జనవరి 31న జాతర. పెయింటరు సంక్రాంతికి ఊరికి పోతానన్నాడు. ఒక్క పూట పని మిగిలిపోయింది. పైన రెండు చేతుల తెల్ల పెయింటు పడితే లోపలికి నీరెలా పోతుందిలే అనుకున్నాను. తెలిసి చేసిన పని కాబట్టే ఇంతకాలమైనా మనసులో ముల్లులా ఉంది.

ఆ జాతర మాత్రం మా జీవితంలో మంచి రోజులు. ములుగు దాటి, పస్రా దగ్గర బండ్ల బారులో నాలుగు గంటలు ఆగి, జంపన్న వాగు ఇవతల ఒక చెట్టు కింద చోటు దొరికించుకున్నాం. టాపు లేపగానే చుట్టుపక్కల పిల్లలందరూ గుమిగూడారు. ఒక ముసలమ్మ కిందినుంచి చూసి, "మంచె కట్టిన్రా బిడ్డా?" అని అడిగింది. చేను కాపలా మంచె. అంతకన్నా సరైన పేరు నేనైతే వినలేదు. మా ఆవిడ అక్కడున్న రెండు రాత్రులూ కాన్వాసు కిటికీ తెరిచి, గద్దెల వైపు డప్పుల చప్పుడు వింటూ పడుకుంది. బెల్లం వాసన, పొగ, మంచు. పొద్దున లేచి చూస్తే టాపు లోపలి వైపు చెమట పట్టినట్టు నీటి బొట్లు. మా ఊపిరి చల్లటి రేకుకు తగిలి నీరయ్యిందన్న మాట. ఆ నీరు జారిజారి అంచులోని స్పాంజిలోకి దిగుతుంటే తువ్వాలుతో తుడిచాను. అంతకు మించి ఆలోచించలేదు.

అదే ఏడాది కార్తీకంలో బాపట్ల పోయి సూర్యలంకలో సముద్ర స్నానం చేశాం. మూడు రాత్రులు సముద్రపు గాలిలో టాపు లేపి ఉంది. తిరిగొచ్చి ఉప్పు పోవాలని బండి కడిగాను. దేనితో? బోరు నీళ్లతో. అల్మాస్‌గూడ బోరు నీళ్ల సంగతి మా కాలనీ వాళ్లందరికీ తెలుసు. బకెట్ అడుగున తెల్లటి పెచ్చు కడుతుంది, గీజరు కాయిలు రెండేళ్లకోసారి మార్చాలి. ఉప్పు మీద ఉప్పు నీళ్లు పోశాను. పెయింటు మీద ఉన్నది పోయి ఉంటుంది. స్పాంజిలోకి దిగింది అక్కడే ఉండిపోయింది.

2019 వానల్లో మొదటి పొక్కు లేచింది. మధ్య మడతబందు పక్కన శనగ గింజంత. వేలితో నొక్కితే లోపల బోలుగా ఉంది. పది రోజుల్లో దాని పక్కన ఇంకో మూడు. వేడి నూనె చింది పొక్కిన చర్మంలా ఉందని ఆవిడ అంది. కర్మన్‌ఘాట్ రోడ్డులో డెంటింగ్, పెయింటింగ్ చేసే ఉస్తాద్ దగ్గరికి తీసుకుపోయాను. ముప్పై ఏళ్ల చేయి ఆయనది. గీకి, పుట్టీ పెట్టి, వాటర్ పేపర్ కొట్టి, పెయింటు వేశాడు. అద్దంలా వచ్చింది. అయితే ఇచ్చేటప్పుడు, "సార్, నేను పైన చేసిన. రోగం కింద ఉన్నది. మొత్తం విప్పాలె" అన్నాడు. ఆ మాట పట్టించుకుని విప్పి ఉంటే టాపు దక్కేది. నేను సగం విన్నాను. తుప్పు పట్టిన ఇనుప పట్టీ తీసేసి, దాని స్థానంలో వెనక అంచు పొడవునా స్టెయిన్‌లెస్ స్టీలు పట్టీ వేయించాను. స్టీలు స్క్రూలు కూడా. ఇక తుప్పన్న మాటే ఉండదని ధైర్యం. 2020 ఫిబ్రవరి జాతరకు ఆ కొత్త పట్టీతోనే పోయొచ్చాం.

వచ్చిన నెలకే లాక్‌డౌన్. బండి వాకిట్లో నిలబడిపోయింది. ఎండా వానా తగలకూడదని పైన నీలం పట్టా కప్పి, నాలుగు మూలలా తాళ్లు బిగించి కట్టాను. ఏడు నెలలు ఆ ముడి విప్పలేదు. పట్టా కింద తడి ఆరేదెలా? గాలి ఆడక, పగలు ఉడికి, రాత్రి చెమర్చి, ఆ స్పాంజి ఏడు నెలలూ నానుతూనే ఉంది. పిల్ల కంట్లో పిండి పడింది ఆ తర్వాతే.

నీళ్లు తగ్గి, బామ్మర్ది వాళ్లు ఇల్లు కడుక్కుని వెళ్లిపోయాక, 2021 సంక్రాంతి పోయిన వారం టాపు మొత్తం కిందికి దింపాం. ఉస్తాద్ తన ఇద్దరు కుర్రాళ్లతో మా వాకిట్లోకే వచ్చాడు. స్టీలు స్క్రూలు తిప్పితే రావు. పళ్లు ఊడగొట్టినట్టు ఒక్కోటీ డ్రిల్లుతో తీశాం. పట్టీ లేచింది. స్టీలు తళతళలాడుతోంది, ఒక్క మచ్చ లేదు. దాని కింద రేకు లేదు. ఉందనుకున్న చోట బూడిదలాంటి పెచ్చు ఉంది. బ్రష్‌తో తట్టగానే రాలిపోయి, వేలు దూరేంత కంత. పక్కనే పెయింటు కాస్త ఎత్తి చూపించాడు ఉస్తాద్. కింద లోహం మీద సన్నటి దారాల్లాంటి గీతలు. అంచు దగ్గర మొదలై, మెలికలు తిరుగుతూ, ఒకదాన్నొకటి దాటకుండా లోపలికి పాకిపోయాయి. చెక్కలో చెదపురుగు నడిచిన దారిలాగే ఉన్నాయి. "పురుగు సార్ ఇది" అన్నాడాయన. ముందు వైపు, ఇనుప కప్పు కోసిన అంచున, ఎర్ర తుప్పు. వెనక తెల్ల పొడి. ఒకే బండిలో రెండు రంగుల జబ్బు.

మా సందు చివర మిధానిలో పనిచేసి రిటైరైన పెద్దాయన ఒకరున్నారు. కంచన్‌బాగ్ మాకు దగ్గరే కాబట్టి ఇటు కాలనీల్లో అక్కడి లోహాల మనుషులు చాలామంది స్థిరపడ్డారు. వాకిట్లో చప్పుడు విని ఆయన వచ్చి, విప్పిన రేకు పక్కన కుర్చీ వేసుకుని కూర్చున్నారు. మా ఆవిడను పిలిచి, "అమ్మా, ఆవకాయ జాడీ మీద అల్యూమినియం మూత పెడతారా?" అని అడిగారు. "ఎవరు పెడతారన్నా, కంతలు పడవూ?" అంది ఆవిడ. మా అత్తగారింట్లో ఒకసారి పెట్టిన పళ్లెం జల్లెడ అయిన సంగతి కూడా చెప్పింది. "అదే జరిగింది ఇక్కడ" అన్నారాయన.

తర్వాత నాకు విడమరిచి చెప్పారు. నేను 33 ఏళ్లు చేసిన పనికి కారణం ఆ రోజే పూర్తిగా అర్థమయింది. అల్యూమినియానికి గాలి తగలగానే కంటికి కనిపించనంత పలచటి పొర పడుతుంది. ఆ పొరే దానికి కవచం. ఉప్పులోని క్లోరైడు ఆ కవచాన్ని అక్కడక్కడా పొడిచి విప్పుతుంది. దానికి ఇనుమో స్టీలో తగులుతూ, మధ్యన ఉప్పు తడి ఉంటే చిన్న బ్యాటరీ తయారవుతుంది. ఆ బ్యాటరీలో కరిగేది ఎప్పుడూ అల్యూమినియమే. జీఐ స్క్రూల మీది జింకు అంతకన్నా ముందు కరిగే లోహం. అందుకే మొదటి ఏడాది అది తాను పోయి రేకును కాపాడింది. జింకు అయిపోయాక రేకు వంతు వచ్చింది. ఇక స్టెయిన్‌లెస్ అన్నది తాను చెక్కుచెదరదు, పక్కదాన్ని తినేస్తుంది. అంత పొడుగు పట్టీ వేసి నేను జబ్బుకు మేత పెట్టాను. కరిగిన అల్యూమినియం తెల్ల పొడిగా మారినప్పుడు ముందున్న లోహం కన్నా ఎక్కువ చోటు కావాలంటుంది. పక్కకు జరగలేక పెయింటును పైకి నెడుతుంది. మనం పొక్కు అనేది దాన్నే. పెయింటు తప్పేమీ లేదు.

న్యూయార్క్‌లోని స్వేచ్ఛా ప్రతిమకూ ఇదే గతి పట్టిందని చెప్పారు పెద్దాయన. పైన రాగి రేకు, లోపల ఇనుప పక్కటెముకలు. మధ్యన అడ్డుగా పెట్టిన లక్క, ఆస్‌బెస్టాస్ కాలక్రమాన పాడైపోతే, తడి చేరి ఇనుము తుప్పుపట్టి ఉబ్బింది, రివెట్లు ఊడాయి. అక్కడ కరిగేది ఇనుము, ఇక్కడ అల్యూమినియం. 1984 నుంచి 86 దాకా బాగుచేసి, పాత ఇనుప పట్టీలు తీసేసి స్టెయిన్‌లెస్ పెట్టారు. కానీ రాగికీ దానికీ మధ్యన టెఫ్లాన్ టేపు వేశారు. నేను ఆ టేపు మాట విని చాలాసేపు మాట్లాడలేకపోయాను. మా ఫోర్‌మన్ పసుపు ప్రైమరు డబ్బా కళ్ల ముందు కనిపించింది.

ఆ సాయంత్రం మ్యూనిక్‌కు వీడియో కాల్ చేసి రేకు చూపించాను. మా వాడు నవ్వుతాడేమో అనుకున్నాను. వాడు ఫోన్ పట్టుకుని కిందికి దిగి, తన వ్యాను టాపు అంచు చూపించాడు. పెద్ద కంపెనీ బండి, అల్యూమినియం టాపు. రబ్బరు బీడింగు పక్కన వరసగా అవే పొక్కులు. "చలికాలంలో రోడ్ల మీద ఉప్పు చల్లుతారు బాబాయ్, అది ఎగిరి అంచుల్లో కూర్చుంటుంది" అన్నాడు. మాకు సూర్యలంక, బోరు నీళ్లు. వాళ్లకు మంచు రోడ్లు. పొక్కు ఒక్కలాగే లేచింది.

మళ్లీ కట్టడానికి ఐదు వారాలు పట్టింది. వెనక అంచు జానెడు వెడల్పున కోసేసి కొత్త రేకు అతికాం. ఉస్తాద్ కుర్రాడు ఇనుప తీగల బ్రష్ అందుకోబోతే ఆపాను. ఇనుప రేణువులు రేకులో దిగితే ఒక్కో రేణువూ ఒక కొత్త బ్యాటరీ. సాండ్ పేపరుతోనే మెరుపు వచ్చేదాకా రుద్ది, థిన్నరుతో తుడిచి, ఆ పూటే ఎపాక్సీ ప్రైమరు కొట్టాం. రాత్రంతా ఆగితే ఆ పలచటి పొర మందమవుతుంది. స్క్రూ కంతలన్నీ ముందే వేసి, కంతల గోడలకు కూడా సన్న కుంచెతో ప్రైమరు పూశాను. ఈ ఒక్క పనికే రెండు రోజులు. మడతబందుల కింద రబ్బరు పట్టీ, ప్రతి స్క్రూకు నైలాన్ వాషరు, పైన సీలెంటు. స్పాంజి తీసి అవతల పారేసి, లోపల బోలుగా ఉండే రబ్బరు బీడింగు పెట్టాం, కింది వైపు నాలుగు చోట్ల నీరు పోవడానికి సందు వదిలి. ఇనుప కప్పు కోసిన అంచును విడిగా శుభ్రం చేసి, రెడ్ ఆక్సైడు కాకుండా ఎపాక్సీయే వేయించాను. పీయూ పెయింటు చివరి చేయి పడ్డాక ఉస్తాద్ డబ్బులు తీసుకుంటూ, "ఇప్పుడు నిద్రపోండి సార్" అన్నాడు.

2022 ఫిబ్రవరిలో మూడోసారి మేడారం పోయాం. ఈసారి బామ్మర్ది మనవరాలు కూడా వచ్చింది. పై పలక మీద తన చోటు తనదే అంది. పడుకునే ముందు టార్చి అడిగి తీసుకుని, అంచంతా వేసి చూసుకుంది. పొద్దున నేను లేచేసరికి లోపలి చెమట తుడుస్తోంది, తువ్వాలుతో, మూల మూలకూ.

ఇప్పుడు బండికి పట్టా కప్పను. రేకుల షెడ్డు వేయించాను, నాలుగు పక్కలా గాలి ఆడుతుంది. కడగడానికి నల్లాలో వచ్చే కృష్ణా నీళ్లు పట్టి ఉంచుతాను. వానాకాలం పోయాక, దీపావళి ముందు, నిచ్చెన వేసుకుని రూపాయి బిళ్లతో అంచు పొడవునా తడతాను. బాగున్న చోట టంగుమంటుంది. లోపల లేచిన చోట మట్టికుండకు పగులొచ్చినట్టు మొద్దుగా పలుకుతుంది. పోయిన దీపావళికి మూడో మడతబందు దగ్గర చప్పుడు మారింది. కళ్లద్దాలు పెట్టుకుని చూస్తే ఆవగింజంత పొక్కు. సాయంత్రం దాకా ఆగలేదు. స్క్రూడ్రైవరు తెమ్మని ఆవిడను కేకేసి, ఆ స్క్రూ అప్పుడే విప్పాను. నైలాన్ వాషరు చీలి ఉంది.